ఇడ్లీ ప్లేటులో స్క్రూలు

మొన్న దసరా మర్నాడు నా ల్యాప్‌టాప్‌లో ఎంటర్ మీట దిగడం మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. చేస్తే ఎన్ని చీవాట్లు తినాలో కూడా తెలుసు. అందుకే ఫోన్ పక్కన పెట్టి కాఫీ కలుపుకున్నాను, తాగేశాను, సింకులో ఉన్న గిన్నెలన్నీ కడిగేశాను. అయినా ధైర్యం చాలక ఇది రాయడానికి కూర్చున్నాను. ఎంటర్ లేదు కాబట్టి కాగితం మీదే.

ఆవిడ పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళలో ఎవరో ఒకరు ఉండబట్టలేక ఆవిడకి పంపిస్తారు. అమెరికాలో మా ఊరు ప్లెయిన్స్‌బరోలో ఉండే తెలుగువాళ్ళకి పేరు అక్కర్లేదు కూడా. “రిపేరు అక్క” అంటే చాలు, ఒక్కొక్కరూ తాము తిన్న తిట్లు వరసగా చెప్పుకుంటారు. అందులో కొంత గర్వం కూడా వినిపిస్తుంది.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని ఎవరితోనో అంటే, మా అపార్ట్‌మెంట్లలోనే వెనక బిల్డింగుకి వెళ్ళమన్నారు. వెళ్ళాను. తలుపు తీసినావిడ నా మొహం చూడలేదు. నా చేతిలో మెషీన్ అందుకుని, తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఏం తాగించావు దీనికి?”

“ఏం లేదండీ, దానంతట అదే...”

“కాఫీ. అదీ చక్కెర బాగా దట్టించి. లోపలికి రా. చెప్పులక్కడ విడువు.”

వంటింటి గట్టు మీద ఇడ్లీ ప్లేటు ఉంది. ఇడ్లీలు వేయబోతోందేమో, కాస్త బలవంతపెడితే రెండు తినొచ్చు అనుకున్నాను. ఆవిడ నా ల్యాప్‌టాప్‌ని పక్కనే బోర్లా పడుకోబెట్టి ఒక్కో స్క్రూ విప్పి ఆ ప్లేటు గుంతల్లో వేయడం మొదలుపెట్టింది. పై వరసలోవి ఒక గుంతలో, కింది వరసలోవి ఇంకో గుంతలో, మధ్యలో ఉండే పొట్టిది విడిగా. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ ప్లేటు దగ్గరికి రాకూడదు, తుమ్మకూడదు, ఫ్యాన్ వేయకూడదు. ఆ ఇంట్లో ఇడ్లీలు ఎప్పుడు తింటారో, అసలు తింటారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకునేది కాదు. ఆ మొదటిరోజే తన బాల్యమంతా చెప్పేసింది. తెనాలిలో వాళ్ళింట్లో ఏ వస్తువూ రెండో దసరా చూడలేదట. ట్రాన్సిస్టర్, మిక్సీ, టార్చిలైటు, అన్నీ ఆవిడ చేతిలో పడి ఏ ముక్కకి ఆ ముక్క అయిపోయినవే.

“అన్నీ మళ్ళీ బిగించేశాన్లే,” అంది, నేను అడక్కుండానే. “ఒక్క గోడగడియారానికే రెండు స్క్రూలు మిగిలిపోయాయి. మిగిలినా అది నడిచింది. అదే నన్ను పట్టుకుంది. అక్కర్లేకపోతే ఎందుకు పెట్టారు? అక్కరుంటే ఎట్లా నడుస్తోంది?”

ఆ రెండు స్క్రూలనీ వాళ్ళమ్మగారు పోపులపెట్టెలో మెంతుల పక్కన దాచారట. గడియారాన్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పట్నుంచి టైమెంతైందో తెలుసుకోవాలంటే ఇంటిల్లిపాదీ తాళంచెవి అడగాల్సిందే. ఇడ్లీ ప్లేటు పద్ధతి అప్పుడు మొదలైందే. ఆ తర్వాత ఈవిడ విప్పిన ఏ వస్తువులోనూ స్క్రూ మిగల్లేదు.

కాలేజీ రోజుల్లో వాళ్ళ వీధి చివర ఇంటర్నెట్ సెంటరు వెలిసింది. ఆడపిల్ల రోజూ అక్కడికి పోతోందంటే ఎవరితోనో చాటింగ్ అని వీధి వీధంతా తీర్మానించింది. వాళ్ళ నాన్నగారు ఒకరోజు పట్టుకుందామని వెళ్తే, ఈవిడ వెనక గదిలో పాడైపోయిన కంప్యూటర్ల మధ్య నేల మీద కూర్చుని, మెమరీ కార్డుని పెన్సిల్ రబ్బరుతో రుద్దుతోందట. “ఎవడితోనైనా మాట్లాడుతుంటే వాడికిచ్చి పెళ్ళన్నా చేసేవాణ్ణి. దీన్నేం చెయ్యను?” అన్నారట ఆయన. ఆ తర్వాత బీకాం చదివించి, సాఫ్ట్‌వేర్ కుర్రాడికిచ్చి పెళ్ళి చేసి, ఇంట్లో మిగిలిన వస్తువుల్ని కాపాడుకున్నారు. ఆ పెన్సిల్ రబ్బరు అలవాటు మాత్రం ఆవిడ వెంట విమానం ఎక్కింది. హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ ఉండాల్సిన చోట రబ్బరు ఉండేది.

నేను పర్సు తీయబోతే పాముని చూసినట్టు వెనక్కి జరిగింది. “లోపల పెట్టు ముందు!” భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేసే అనుమతి అప్పటికింకా ఆవిడకి లేదు. “ఇది పని కాదు పిల్లా, చిన్ననాటి హాబీ. పనికి వీసా కావాలి గానీ హాబీకి అక్కర్లేదు.” అంటూనే వెళ్ళి కిటికీకి బ్లైండ్స్ దించింది, అమెరికా ప్రభుత్వం మా పార్కింగ్ లాట్‌లో నిలబడి చూస్తున్నట్టు. మర్నాడు గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాను. పచ్చడి సంగతి ప్రభుత్వానికి చెప్పక్కర్లేదని నిర్ణయించుకుందేమో, డబ్బా లాక్కుంది. డబ్బాని ఖాళీగా తిరిగిస్తే బాగోదని కారప్పూస పోసి ఇచ్చింది. అలా మొదలైంది మా స్నేహం. నేను అక్కా అనడం, ఆవిడ నన్ను ఏమే అనడం కూడా ఆ డబ్బాతోనే మొదలయ్యాయి.

రిపేరంటే ఆవిడకి సగం డాక్టరు పని, సగం పోలీసు పని. కీబోర్డు బోర్లించి తడితే రాలినదాన్ని బట్టి ఆ ఇంటి సంగతులన్నీ చెప్పేది. “ఇది చేగోడీ. ఇది బూందీ. ఇదీ...” అని వేలితో నలిపి చూసి, పక్కనే భార్య నిలబడి ఉండగా ఒకాయన్ని అడిగింది, “స్వీట్లు మానేశానన్నారే? మరి మైసూర్‌పాక్ ఎక్కడిది?” ఆయన ఆ తర్వాత ఆవిడ దగ్గరికి ఒంటరిగానే వచ్చేవాడు. టీలో తడిసిన ల్యాప్‌టాప్‌ని ఆరుతుందని సోనామసూరి బియ్యం బస్తాలో కూరి తెచ్చేవాళ్ళుండేవాళ్ళు. ఆవిడ మూట విప్పి, గంభీరంగా మొహం పెట్టి, “ఎన్ని విజిల్స్ వచ్చాయి?” అనేది. చిన్నపిల్లలు ఆంటీ అంటే నవ్వేది. గడ్డాలు మీసాలు ఉన్నవాళ్ళు ఆంటీ అంటే మాత్రం వాళ్ళ మెషీన్ వరసలో ఆఖరికి పోయేది.

కొన్నాళ్ళకి ఆవిడకి పని చేసుకునే పర్మిట్ వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, కార్డు చూపించి, “ఇవాళ్టి నుంచి నాకు మొహమాటం లేదు,” అని ప్రకటించింది. అంతకుముందు ఎప్పుడుందో నాకు గుర్తు రాలేదు గానీ, శుభమా అని వచ్చిన మనిషితో వాదన ఎందుకని ఊరుకున్నాను.

గుజరాతీ ఆయన నడిపే కిరాణా కొట్టులో ఒక మూల, ప్రెషర్ కుక్కర్లకీ పూజసామానుకీ మధ్య కాస్త జాగా అద్దెకి తీసుకుంది. ఒక బల్ల, ఒక కుర్చీ, మెడ వంచిన దీపం, గోడకి తన పేరుతో బోర్డు, బల్ల మీద ఇడ్లీ ప్లేటు. అంతే కొట్టు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా ఉండేది. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టాక నా చెయ్యి పట్టుకుని బోర్డు వైపు చూపించింది. “ఇదే పనికి చిన్నప్పుడు నన్ను కొట్టారే. ఇప్పుడు చూడు, బోర్డు కట్టారు!” ఆ మాటకి నాకు నిజంగా అసూయ పుట్టింది. నా ఉద్యోగాన్ని నేనెప్పుడూ అంత ముద్దుగా చూసుకోలేదు.

ఆ కొట్టుకి అసలు సీజన్ దసరా. మనవాళ్ళకి ఆయుధాలంటే ల్యాప్‌టాపులే కదా. ఆయుధపూజకి పీట మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీటల మీద అక్షింతలు జల్లి, కర్పూరహారతి ఇస్తారు. మర్నాడు ఆ పసుపుతోనే వరస కట్టి వస్తారు. హారతి మసి స్క్రీన్‌కి పట్టించినవాళ్ళు కొందరు, అక్షింతలు ఇరుక్కుని మీటలు దిగనివాళ్ళు ఎక్కువమంది. ఒక కుర్రాడైతే కెమెరా కన్ను మీద భక్తిగా బొట్టు పెట్టి, “మీటింగ్‌లో నా ఫేస్ ఎవరికీ కనపడట్లేదక్కా,” అంటూ వచ్చాడు.

“వాళ్ళ అదృష్టం,” అంది ఆవిడ, దూది తీస్తూ.

అక్షింతల కేసులకి మాత్రం దయ లేదు. కనుబొమలు పీకే ప్లక్కరుతో ఒక్కో గింజా పైకి లాగి, పన్ను పీకిన డాక్టరులా అందరికీ చూపించేది. “మూసి చెయ్యండర్రా! మూత మీద బొట్టు పెట్టండి, మూత మీద అక్షింతలు వెయ్యండి. అమ్మవారికి మూత అడ్డమా?” చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒక ఏడు పూజసామాను అర పక్కనే అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టింది. “ఆయుధపూజ చేసుకునేవారికి మనవి. ల్యాప్‌టాప్ మూసి పూజ చేయండి. తెరిచి చేసినవారు తిట్టబడుదురు.” తెలుగు చదవడం రాని గుజరాతీ ఆయన అదేదో మంత్రం అనుకుని దాని కింద రోజూ అగరొత్తి వెలిగించేవాడు.

రెండేళ్ళ కిందట, దసరాకి కాస్త ముందు, ఆవిడ భర్త ఉద్యోగం పోయింది. నేను బావగారని పిలిచే ఆయన చాలా నెమ్మదస్తులు. ఆవిడ పది మాటలంటే ఆయన అర మాట అనేవారు. ప్రభుత్వం ఇచ్చిన గడువులోగా ఇంకో కంపెనీ ఆయన్ని తీసుకుని వీసా పెట్టకపోతే ఇద్దరూ దేశం వదిలి వెళ్ళాలి. ఆవిడ పర్మిట్ ఆయన వీసాకి తగిలించినది. అది ఊడితే ఇదీ ఊడుతుంది.

“నా కొట్టు ఇక్కడుంది గానీ ప్లగ్గు ఆయన ఆఫీసులో ఉందే,” అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆవిడకి పని చేతకాక కాదు, గిరాకీ లేక కాదు, ఎక్కడో ఎవరో ఎవరి ఉద్యోగమో తీసేస్తే ఇక్కడ ఈ మూల, ఈ దీపం, ఈ బోర్డు పోవాలి. ఇదేం న్యాయమని నేనే గట్టిగా అరిచాను. ఆవిడ మాత్రం తుడిచిన స్క్రూడ్రైవర్లనే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చునేది.

బావగారు ఎన్నో చోట్ల ప్రయత్నిస్తే, దేశానికి అటు చివర ఫ్రీమాంట్‌లో ఒక చిన్న కంపెనీతో వ్యవహారం చివరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. దాన్ని వాళ్ళు విజయదశమి మధ్యాహ్నానికే పెట్టారు. వాళ్ళు వీడియోలో చూస్తుండగా కోడ్ రాసి చూపించాలి. పాత ఆఫీసు వాళ్ళు తమ ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు కాబట్టి ఇంట్లో ఉన్న సొంతదాని మీదే చేయాలి. ఆవిడ ముందే దాన్ని పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి సిద్ధంగా ఉంచింది.

పండగరోజు నేను సెలవు పెట్టి పులిహోర డబ్బాతో వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో పీట మీద అమ్మవారి పటం, పూలు, పక్కనే మూసిన ల్యాప్‌టాప్, దాని మూత మీద గుండ్రంగా కుంకుమ బొట్టు. అట్టముక్క మీద రాసిన నియమం ప్రకారమే. బావగారు పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో వచ్చి, ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టుకుని ఒకసారి టైప్ చేసి చూశారు.

“ఏమోయ్, స్పేస్ బార్ దిగట్లేదు.”

ఆవిడ చేతిలో కాఫీగ్లాసు ఆగిపోయింది. “దుమ్మేమోలెండి. ఇటివ్వండి,” అని ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను.

“కొట్టులో కీబోర్డులు మస్తున్నయి కదక్కా. ఒకటి తెచ్చి తగిలిస్తే అయిపోదా?”

“ఊళ్ళో అందరి మీటలూ బాగుచేసి, మా ఆయన్ని ఇంకో కీబోర్డుతో ఇంటర్వ్యూకి కూర్చోబెట్టనా? నువ్వెళ్ళి హాల్లో కూర్చో.”

నేను కూర్చోలేదు. ఆవిడ ఇడ్లీ ప్లేటు తీసింది. స్పేస్ బార్ ఊడదీసి ఒక గుంతలో పెట్టింది. ప్లక్కరు లోపలికి పోనిచ్చి మెల్లగా లాగింది. పచ్చగా ఒక బియ్యపుగింజ వచ్చింది. దాని వెనకే ఇంకోటి.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ గింజల వైపు చూస్తోంది. నాకు నవ్వాగలేదు. “మూసి కదా అక్కా చెయ్యాలె?” అనేశాను.

ఆవిడ హాలు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“మూసే చేశానే. పూజంతా మూసే చేశా. ఆయన స్నానానికి వెళ్ళాక...” ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మూత మీద వేస్తే మూత మీదే ఉండిపోతాయి కదే. లోపలికెట్లా వెళ్తాయి?”

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆవిడ బల్ల ముందు తలొంచుకుని తిట్లు తిన్నవాళ్ళందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. వాళ్ళూ తెలియక వేసినవాళ్ళు కారేమో అనిపించింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. అది ఆవిడకి ఎక్కువైపోయింది.

“ఎవరితోనైనా అన్నావో, నీ మెషీన్ ఈ జన్మలో ముట్టుకోను,” అని నా చెయ్యి తీసేసింది. మీట బిగించింది, నొక్కి చూసింది, ఇంకోసారి నొక్కి చూసింది. ఆ రెండు గింజల్నీ మాత్రం పారేయలేదు. కొంగున ముడేసుకుంది.

ఇంటర్వ్యూ జరుగుతున్నంతసేపూ ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చున్నాం. హాల్లో ఏం మాట్లాడుకుంటున్నారో ఆవిడ పట్టించుకోలేదు. మీటల చప్పుడే వింటోంది. స్పేస్ బార్ చప్పుడు వినిపించినప్పుడల్లా, సంగీతం తెలిసినవాళ్ళు ఊపినట్టు, చిన్నగా తల ఊపింది.

ఉద్యోగం వచ్చింది. ఆయన వీసా నిలబడింది, ఆవిడ పర్మిట్ నిలబడింది. అయితే ఉద్యోగం అక్కడ, కొట్టు ఇక్కడ. కాబట్టి కొట్టు అట్టపెట్టెల్లోకి వెళ్ళింది. గోడ మీద బోర్డుని ఎవర్నీ విప్పనివ్వలేదు. తనే కుర్చీ ఎక్కి విప్పి, దాని స్క్రూలు కూడా ఇడ్లీ ప్లేటులోనే వేసింది. సామాను సర్దే రోజు బావగారు పెట్టెకి టేపు అంటిస్తూ, ఆవిడ వినకుండా నాతో అన్నారు, “ఆ రోజు స్నానం నుంచి వస్తూ చూశానమ్మా, మీ అక్క అక్షింతలు వేస్తుంటే. దులిపేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు.” ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదొక్కసారే.

వెళ్ళేముందు ఆవిడ తన ఇడ్లీ స్టాండులోంచి ఒక ప్లేటు ఊడదీసి నా చేతిలో పెట్టింది. “ఇందులో ఇడ్లీ వేశావని తెలిసిందో!” అని వేలు చూపించి కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా నేను ఆ ప్లేటు పట్టుకుని పార్కింగ్ లాట్‌లో నిలబడి ఏడ్చాను. చూసినవాళ్ళు ఏమనుకున్నారో.

ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఇంకో కిరాణా కొట్టులో ఇంకో మూల సంపాదించింది. ఈ నవరాత్రుల్లో ఒక ఫోటో పంపింది. పూజసామాను అర పక్కన కొత్త అట్టముక్క, దాని మీద పాత మాటలే. “తెరిచి చేసినవారు తిట్టబడుదురు.” ఒక్క అక్షరం మార్చలేదు, కాస్తయినా సిగ్గుండాలి అనుకుని నవ్వుకున్నాను.

ఇంతవరకూ రాశాక కొంచెం ధైర్యం వచ్చింది. ఫోన్ చేశాను.

“అక్కా, నా ల్యాప్‌టాప్ల ఎంటర్ దిగుత లేదు.”

“ఏం తిన్నావు దాని మీద?”

“ఏం తినలే.”

“అబద్ధం. చేగోడీలా?”

“నిజంగ ఏం తినలే అక్కా. మొన్న పండగ కదా...”

తిట్లు వస్తాయని ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాను. అవతల కొట్టులో ఎవరో కందిపప్పు ఎక్కడుందని అడుగుతున్నారు. ఆవిడ గొంతు తగ్గించింది.

“ఎవరి ఉద్యోగమే?”

“నాదే. వచ్చే వారం మా టీంల కొందర్ని తీసేస్తరంటున్నరు.”

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది, నాకు కళ్ళు నిండిపోయాయి. అవతల కుర్చీ ముందుకి జరిపిన చప్పుడైంది. దీపం స్విచ్ వేసిన చప్పుడు కూడా, నా మెషీన్ ఆవిడ బల్ల మీదే ఉన్నట్టు.

“సరే, వీడియో ఆన్ చెయ్యి. నేనిచ్చిన ఇడ్లీ ప్లేటు తెచ్చుకో,” అంది. “గింజ మాత్రం పారెయ్యకు.”